మందుల కొట్టు ఎదుట లైబ్రరీ

జూన్ 4, మంగళవారం

మా కొట్టుకెదురుగా మూతపడి ఉన్న లైబ్రరీని ఈరోజు తెరిచారు. నేను పురుగుమందుల వ్యాపారం మొదలుపెట్టినప్పటినుంచీ ఆ తలుపుకి తాళమే చూశాను. అది తుప్పుపట్టి ఊడిరాకపోతే నా దగ్గరికే వచ్చి సుత్తి అడిగారు. ఇచ్చాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని ఆ క్షణాన తోచలేదు.

లైబ్రేరియన్ బదిలీ మీద వచ్చిన నడివయసావిడ. తనే చీపురు పట్టి బూజు దులిపింది. సాయంత్రానికి గోడకి ఒక అట్ట వేలాడింది: "రైతు అర. సేద్యం పుస్తకాలు ఇక్కడ దొరుకును. ప్రతి బుధవారం సాయంత్రం ఒకరు చదువుతారు, అందరూ వినవచ్చు."

నవ్వొచ్చింది. పురుగు పడితే రైతు పుస్తకం దగ్గరికి వెళ్ళడు, నా దగ్గరికి వస్తాడు. ఈ చుట్టుపక్కల నన్నందరూ డాక్టరనే పిలుస్తారు. నేను పిలవమనలేదు. కొట్టు బోర్డు మీద ఆ మాట ఉందంటే అది పెయింటరు పట్టుబట్టడం వల్ల.

జూన్ 13, గురువారం

సందేహాల తాత వచ్చాడు. నెత్తిన చినుకు పడుతుంటే "ఇది వానేనంటావా?" అని అడిగే రకం. వంగతోటకి పురుగు పట్టిందన్నాడు. ఎప్పటిలాగే రెండు డబ్బాలు తీసి బల్లమీద పెట్టాను.

"ఈ రెంటిలోనూ మందు ఒకటే కదా అబ్బాయ్," అన్నాడు.

"పేర్లు వేరు కదా తాతా."

"పేర్లు వేరే. లోపల సరుకొకటే. కింద చీమతలకాయంత అక్షరాల్లో రాసుంటుందట. నిన్న లైబ్రరీలో చదివారు."

ఒకటి తీసుకుని ఒకటి వదిలేసి వెళ్ళాడు. వదిలేసిన డబ్బాని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. భూతద్దం పెట్టి చూశాను కూడా. నిజమే, ఒకటే. ఇన్నాళ్ళూ నాకే తెలియదు. తెలిసినా అమ్మేవాణ్ణే, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, "మీరూ వెళ్ళి చేరండి, నాలుగు ముక్కలు తెలుస్తాయి," అంది.

నాకు నాలుగు ముక్కలు తెలియాలట. కానీ ఆ మాట మీదే ఒక ఆలోచన తట్టింది. పుస్తకాలు అక్కడుంటేనే కదా వాళ్ళు చదివేది.

జూన్ 17, సోమవారం

చేరాను. ఒక కార్డుకి మూడు పుస్తకాలిస్తారు. అందుకని నాకొకటి, మా ఆవిడకొకటి, మా అమ్మకొకటి రాయించాను. అమ్మకి చూపు ఆనదు, అక్షరం అంతకన్నా రాదు.

"పెద్దావిడకి ఏం పుస్తకం ఇమ్మంటారు?" అంది లైబ్రరీ మేడం.

"నేల పరీక్షల మీద ఏదైనా ఉంటే."

"ఈ వయసులో ఎంత ఆసక్తండీ," అని ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది.

వాకిట్లో బండి మీద పుస్తకాలు పెట్టుకుంటుంటే కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఎండవల్ల కావచ్చు. రైతు అరలో ఇప్పుడు మిగిలింది కుందేళ్ళ పెంపకం మీద ఒక పుస్తకం. ఇక్కడ కుందేళ్ళు పెంచేవాళ్ళు లేరు. అందుకే వదిలేశాను. దయలేనివాణ్ణి కాదు.

జూన్ 27, గురువారం

నిన్న బుధవారం. అయినా జనం వెళ్ళారట. కుందేళ్ళ గురించి చదివించుకుని విన్నారట. ఇవాళ ఇద్దరు వచ్చి, కుందేళ్ళు ఎక్కడ దొరుకుతాయని నన్నే అడిగారు.

జూలై 1, సోమవారం

లైబ్రరీ గుమ్మం పక్కన కొత్త అట్ట: "ఈ నెల ఉత్తమ పాఠకులు: డాక్టరుగారు, సకుటుంబంగా." ఫొటో ఇమ్మని మేడం అడిగింది. ఇలాంటివి నాకిష్టం ఉండవన్నాను. ఇంకోసారి అడుగుతుందనుకున్నాను, అడగలేదు. సాయంత్రం నేనే పంపించాను. సూటు వేసుకున్నది.

జూలై 4, గురువారం

అనుకున్నదొకటి, అయ్యిందొకటి. పుస్తకాల కోసం వెళ్ళినవాళ్ళతో మేడం ఏమందంటే, "అవన్నీ డాక్టరుగారి దగ్గరున్నాయి. అడిగితే కాదనరు, పెద్ద మనసు."

ఆ పెద్ద మనసుని వెతుక్కుంటూ పొద్దున్నే నలుగురు కొట్టుకొచ్చారు. ఇంట్లో ఉన్నాయన్నాను. మా ఆవిడ మధ్యాహ్నం క్యారియర్‌తోపాటు ఆ పుస్తకాలు కూడా మోసుకొచ్చి, "పాపం అడుగుతున్నారట కదా," అని బల్లమీద పెట్టింది. నా కొట్టు లైబ్రరీ అయింది. ఎరువు బస్తాల మీద కూర్చుని, నేల పరీక్ష చేయించుకున్నాకే ఎరువు కొనాలని ఒకడు గొంతెత్తి చదివాడు. చదివి, తను కూర్చున్న బస్తా కొనకుండానే లేచి దులుపుకుని వెళ్ళిపోయాడు.

జూలై 8, సోమవారం

కంపెనీ మనిషి కొత్త టానిక్ తెచ్చాడు. డబ్బా అందంగా ఉంది. ఏ తెగులుకని అడిగితే, "మీరు ఏదంటే దానికే సార్," అన్నాడు.

ఈ పంటకాలంలో సరుకంతా అమ్మేస్తే మాకిద్దరికీ విమానం టిక్కెట్లు, సముద్రం ఒడ్డున హోటలు. మా ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. చెప్పిన కాసేపటికి వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. పెళ్ళయిన కొత్తలో పాడేది.

టానిక్ డబ్బాలు వెనక గది నిండా దింపించాను.

జూలై 11, గురువారం

నిన్న లైబ్రరీలో నేనే చదివాను. పుస్తకాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి, గొంతు కూడా గట్టిది కాబట్టి, నన్నే చదవమని మేడం అడిగింది. కాదనడం మర్యాద కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

అక్కడ ఒక సంగతి కనిపెట్టాను. కొట్లో నేను ఏ మాట చెప్పినా బేరమాడతారు. అదే మాట పుస్తకం పట్టుకుని చెప్తే తలలూపుతారు. సందేహాల తాత కూడా ఊపాడు. "అవసరం లేకుండా మందు కొట్టవద్దు" అన్న వాక్యం ఒకటి అడ్డమొచ్చింది. అచ్చుతప్పులా ఉందని దాటేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

మేడం చివర్లో చప్పట్లు కొట్టించింది.

జూలై 29, సోమవారం

బావమరిది వచ్చాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పుడు మా పెళ్ళిలో నా చెప్పులు దాచినవాడు. ఈ ఏడు ఎగువ మడి, దిగువ మడి రెండూ టమాటానే వేశాడు. జేబులోంచి ఒక కొమ్మ తీసి చూపించాడు. ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవైపోయి, పసుపు తిరిగి ఉన్నాయి.

"ఎన్ని మొక్కలకిలా ఉంది?"

"అక్కడొకటి, ఇక్కడొకటి. పక్క చేలల్లోనూ మొదలైంది. ఏం కొట్టమంటావు బావా?"

"బుధవారం రా. పుస్తకం చూసి అందరికీ ఒకేసారి చెప్తాను."

"నువ్వుండగా నాకేం భయం," అని వెళ్ళాడు.

పుస్తకం చూశాను. ఆకుముడత. తెల్లదోమ మొక్కనుంచి మొక్కకి మోస్తుంది. తెగులు సోకిన మొక్కకి మందు లేదు. కనబడిన మొక్కని కనబడినట్టే పీకి పాతిపెట్టాలి, లేకపోతే పొలమంతా పాకుతుంది. దోమ కోసం పసుపురంగు జిగురు అట్టలు కట్టాలి.

మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నా వ్యాపారానికి పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. జిగురు అట్టలు కొట్లో ఏ మూలో కాసిని ఉన్నాయి. టానిక్ వెనక గది నిండా ఉంది.

జూలై 31, బుధవారం

చదివాను. శ్రద్ధగా విన్నారు.

ఆగస్టు 1, గురువారం

నిన్న చదివినదాంట్లో తప్పేమీ లేదు. "పీకివేయాలి" అని ఉన్నచోట "బలమివ్వాలి" అన్నాను. మొక్కకైనా మనిషికైనా బలమివ్వడం ఎప్పుడూ మంచిదే. దేనితో ఇవ్వాలో చెప్పకపోతే రైతు తికమకపడతాడు కాబట్టి టానిక్ పేరు కూడా పుస్తకం భాషలోనే చదివాను: "వారమునకొకసారి పిచికారీ చేయవలెను." ఆ పుస్తకం అచ్చయ్యే నాటికి ఈ టానిక్ పుట్టలేదు. పుట్టి ఉంటే రాసేవాళ్ళే. నేను వాళ్ళ పని పూర్తిచేశాను, అంతే.

ఆగస్టు 3, శనివారం

సరుకు కదిలింది.

ఆగస్టు 6, మంగళవారం

సరుకు బాగా కదిలింది. ఇంకా తెప్పించాను. కంపెనీ మనిషి ఫోన్ చేసి, కిటికీ పక్క సీటు కావాలా అని అడిగాడు.

ఆగస్టు 10, శనివారం

తమ్ముడి పొలం ఒకసారి చూసిరమ్మని మా ఆవిడ అంది. కొట్లో రద్దీగా ఉంది.

ఆగస్టు 13, మంగళవారం

రద్దీ.

ఆగస్టు 19, సోమవారం

చేలన్నీ ముడుచుకుపోతున్నాయి. అందరూ కొట్టు ముందు గుమిగూడారు. షట్టరు దించేద్దామా అనుకున్నాను. కానీ వాళ్ళు వచ్చింది నామీదికి కాదు.

"పుస్తకాల్ని నమ్ముకుంటే ఇంతే," అన్నాడు ఒకడు.

"పాపం, డాక్టరేం చేస్తాడు. ఉన్నది ఉన్నట్టు చదివాడు," అన్నాడు ఇంకొకడు.

లైబ్రరీ ఎత్తేయాలని పైఅధికారులకి అర్జీ రాశారట. ఉత్తమ పాఠకుణ్ణి కాబట్టి మొదటి సంతకం నాదైతే బరువుంటుందన్నారు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానన్నాను. పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు.

నేను కోరుకున్నదే జరుగుతోంది. లైబ్రరీ పోతుంది, సరుకు పోయింది, విమానం వస్తుంది. అన్నం ఎందుకు సహించలేదో తెలియదు. పొద్దుటి ఎండ అయ్యుంటుంది.

ఆగస్టు 21, బుధవారం

లైబ్రరీకి ఎవరూ వెళ్ళలేదు. మేడం కుర్చీలు వేసుకుని కూర్చుని, చీకటి పడబోతుండగా ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టింది. ఆ తర్వాత రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారూ, ఆ టమాటా పుస్తకం ఒకసారి ఇస్తారా? నేనే ఏరి తెప్పించాను దాన్ని. అందులో అలా ఎలా రాశారో చూడాలనుంది."

"అమ్మ చదువుతోందండీ."

నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడ నా మొహంలోకి ఒక నిమిషం చూసి, "పెద్దావిడ కదా, నిదానంగా చదవనివ్వండి," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది.

ఆగస్టు 22, గురువారం

బావమరిది వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"ఎగువ మడి పోయింది బావా. దిగువ మడి ఇంకా పచ్చగానే ఉంది, అక్కడక్కడే ముడుచుకుంటోంది. ఇంకో మూడు డబ్బాలివ్వు."

నేను లెక్కల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను.

"నువ్వు చదివినట్టే కొట్టాను. ఒక వారం మాత్రం వానపడి ఆలస్యమైంది. తప్పు నాదేలే."

సరుకు అయిపోయిందన్నాను. వెనక గదిలో ఉంది. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. "పోన్లే, అవతల బజారులో దొరుకుతుందేమో చూస్తా," అని లేచాడు. ఆగమని చెప్పాల్సింది.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ ఒళ్ళో టమాటా పుస్తకం తెరిచి ఉంది. అమ్మ పక్కన కూర్చుని వింటోంది. మధ్యాహ్నాలు అమ్మకి తనే చదివి వినిపిస్తోందట. నాకు తెలియదు.

"ఏమండీ, మీరు ఆవేళ చదివింది ఈ పేజీయేనా?"

"అదే."

"మీ టానిక్ పేరు ఏ వరసలో ఉంది? నాకు కనబడ్డం లేదు."

"నీ సముద్రం కోసమే కదా," అన్నాను. అన్నాక ఆ మాట నాకే అసహ్యంగా వినిపించింది.

తను అరవలేదు. పుస్తకం మూసి, "సముద్రం ఎక్కడికీ పోదు. టమాటా ఆగదు. మా తమ్ముడికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

అమ్మ, "వీడు చిన్నప్పుడూ అంతేనే అమ్మా. ఎక్కాల్లో రానిది వస్తే సొంతది చెప్పేవాడు," అంది.

ఆగస్టు 23, శుక్రవారం

పొద్దున్న లేచేసరికి మా ఆవిడ లేదు. కొట్టు తీసి కూర్చున్నాను. ఒక బేరం చేశాను. తర్వాత మూసేసి పొలానికి వెళ్ళాను.

దిగువ మడిలో తను ఒంగుని మొక్కలు పీకుతోంది. గట్టుమీద బావమరిది నిలబడి, "అక్కా, ఏం చేస్తున్నావే, పచ్చటి మొక్కని," అని వారిస్తున్నాడు. నన్ను చూసి, "చూడు బావా, నువ్వైనా చెప్పు," అన్నాడు.

చెప్పాను.

వాడు నా వైపు తిరిగాడు. "అంటే ఆవేళే పీకుంటే పిడికెడు మొక్కలతో పోయేదా?"

"పోయేది."

"పుస్తకంలో అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"నువ్వు చూసే చదివావా?"

నా దగ్గర చాలా సమాధానాలుండేవి. దారిపొడుగునా కూర్చుకుంటూ వచ్చాను. కంపెనీ, వ్యాపారం, మీ అక్క. వాడి ఎదుట ఒక్కటీ నిలబడలేదు. "చూసే చదివాను," అన్నాను.

వాడు గట్టు దిగాడు. వెళ్ళి అక్క పక్క సాలులో ఒంగాడు. కాసేపు నిలబడి, చేసేదేమీ లేక నేను మూడో సాలు పట్టాను. పొమ్మనలేదు, ఉండమనలేదు. ముడుచుకున్న ప్రతి మొక్కనీ పీకి గోతిలో వేసి మట్టి కప్పాం. టమాటా పసరు సబ్బుకి వదలదు. రాస్తుంటే పేజీకి కూడా అంటుతోంది.

ఆగస్టు 28, బుధవారం

టానిక్ తిరిగి తెచ్చినవాళ్ళ దగ్గర తీసుకోబడుననీ, ఈ బుధవారం అందరూ లైబ్రరీకి రావలెననీ కొట్టు ముందు రాసిపెట్టాను. వచ్చారు. లోపల చోటు చాలక కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. మేడం నాకు కుర్చీ వేసింది. కూర్చోలేదు.

పేజీ మొత్తం చదివాను.

"ఆవేళ ఇలా చదవలేదే," అన్నాడు ఒకడు.

"కళ్ళజోడు మార్చాను. పాతదాంతో అక్షరాలు మసగ్గా కనబడి..."

సందేహాల తాత చెయ్యెత్తాడు. "నాదొక సందేహం అబ్బాయ్. కళ్ళజోడు మసకేస్తే ఉన్న అక్షరాలు పోతాయి. లేనివి పుట్టవు కదా?"

ఎవరూ నవ్వలేదు.

"పుస్తకంలో లేదు. నేనే కలిపాను," అన్నాను.

ఆ తర్వాత ఎవరేమన్నారో వరసగా రాయలేను. ఒకాయన కుర్చీ తన్నాడు. ఒకావిడ నా మొహం మీదికి వచ్చి, తన పిల్లల చదువుల సంగతి అడిగింది. దానికి నా దగ్గరే కాదు, ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. అర్జీ పట్టుకొచ్చినవాళ్ళు దాన్ని చించబోతుంటే తాత ఆపాడు. "కష్టపడి సంతకాలు పెట్టించారు, ఎందుకు దండగ. పైన 'లైబ్రరీ' కొట్టేసి 'మందుల కొట్టు' అని రాయండి, సరిపోతుంది."

చివరికి మేడం లేచింది. "తప్పు నాది కూడా ఉంది. చదివిన మనిషిని చూశాను కానీ, చదివిన పేజీ చూడలేదు. ఇకమీదట ఎవరు చదివినా పక్కన ఇంకొకరు కూర్చుని వేలుపెట్టి చూడాలి. నేను చదివినా సరే."

పుస్తకాలన్నీ ఆవిడ బల్లమీద పెట్టి వచ్చేశాను.

సెప్టెంబరు 2, సోమవారం

కంపెనీ మనిషి వచ్చి తిరిగొచ్చిన డబ్బాలు చూసి, "మీకెందుకు సార్ ఈ వ్యాపారం?" అన్నాడు. విమానం మాటెత్తలేదు. నాకెలాగూ విమానం పడదు, చెవులు దిబ్బడేస్తాయి. అడిగినవాళ్ళకల్లా ఇదే చెప్తున్నాను. ఎవరూ అడగడం లేదు.

ఉత్తమ పాఠకుల అట్ట మీద నా సూటు ఫొటో తీసేసి అమ్మ ఫొటో పెట్టారు. ఎందుకని మేడంని అడిగాను. "పుస్తకం అట్టేపెట్టుకున్నా ఆవిడవల్ల ఎవరికీ నష్టం జరగలేదు," అంది.

సెప్టెంబరు 11, బుధవారం

గట్టి గొంతున్నవాళ్ళు ఇంకెవరూ లేరని మళ్ళీ నన్నే చదవమన్నారు. గౌరవమనుకున్నాను. శిక్ష అని మా ఆవిడ చెప్పింది. నా పక్కన కూర్చుని వేలుపెట్టి చూసింది కూడా తనే. వేలికి ముందు నేను వెళ్ళకూడదు, నాకు ముందు వేలు వెళ్ళదు. విత్తనశుద్ధి గురించి. కామా కూడా వదల్లేదు. నేను మాట్లాడిన ప్రతి మాటా ఒకరు సరిచూస్తుంటే నోరు ఎంత తేలిగ్గా ఉంటుందో చెప్పలేను. బరువుగా కూడా ఉంటుంది.

సెప్టెంబరు 24, మంగళవారం

దిగువ మడిలో సగానికి పైగా మిగిలిందని మా ఆవిడ చెప్తూనే ఉంది. వాడు మాత్రం ఈ నెల రోజులూ కొట్టు ముందునుంచి వెళ్తూ ఇటు చూడలేదు. ఇవాళ సైకిలు ఆపాడు.

"జిగురు అట్టలున్నాయా?"

"ఉన్నాయి." ఇప్పుడవే తెప్పిస్తున్నాను.

"ఎకరానికి ఎన్ని కట్టాలి?"

నోటికొచ్చు. చెప్పబోయి ఆగాను. లైబ్రరీనుంచి తెచ్చుకున్న పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, వాడివైపు తిప్పి బల్లమీద పెట్టాను. వాడు ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుకున్నాడు. ఈలోగా బేరానికొచ్చిన ఇద్దర్ని కూర్చోమన్నాను. చదవడం అయ్యాక కావలసినన్ని లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. ఇంకేమైనా కావాలా అని నేనడగలేదు. అలవాటు కొద్దీ చెయ్యి మాత్రం అల్మరా వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

ఆవేళ పొలంలో గోతులు పూడ్చాక, "వెళ్తున్నా" అని చెప్పి వెళ్ళిపోయాడు. నా ఎదుట ఆ మాట ఎప్పుడూ అననివాడు. ఇవాళ సైకిలెక్కి, కాలు నేలమీదే ఆనించి, అట్టలు సరిగా కట్టుకుని, "వస్తా," అన్నాడు.

బావా అనలేదు. వస్తా అన్నాడు.